ఏడు రోడ్ల కూడలి దగ్గర ‘మాస్టారి క్లాసు’: ఎనిమిది ఆదివారాల ఫోటో జర్నలిజం శిక్షణపై నా సమీక్ష

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలి నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో, ఒక పాత ఫోటో స్టూడియో మేడ మీద, ఏడాదికి రెండు విడతలుగా ఫోటో జర్నలిజం శిక్షణ జరుగుతుంది. దానికి బోర్డు లేదు, కరపత్రం లేదు. తెలిసినవారు ‘మాస్టారి క్లాసు’ అంటారు. నడిపే పెద్దాయన మూడు దశాబ్దాలకు పైగా దినపత్రికల్లో ఫోటోగ్రాఫరుగా పనిచేసి విరమించుకున్నవారు. తన పేరు ఎక్కడా రాయవద్దని ఆయన కోరినందువల్ల నేను రాయడం లేదు. ఎనిమిది ఆదివారాలు, రుసుము రూ.3,500, విడతకు పన్నెండు మంది. కెమెరా లేనివారికి స్టూడియోలోని పాత కెమెరా రోజుకు రూ.300 అద్దెకు ఇస్తారు. సెప్టెంబరు మధ్యలో మొదలై నవంబరు తొలి వారంతో ముగిసిన విడతలో నేను చేరి, ఒక్క ఆదివారం కూడా మానకుండా పూర్తి చేశాను. చేరాలా వద్దా అని ఈమధ్య నన్ను అడుగుతున్నవారు ఎక్కువయ్యారు కనుక, అక్కడ ఏమి దొరుకుతుందో, ఏమి దొరకదో వివరంగా రాస్తున్నాను.

ముందుగా నేను ఎందుకు చేరానో చెప్పాలి, ఎందుకంటే ఈ శిక్షణ ఎవరికి పనికొస్తుందన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మాది వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు నేను హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను. ఫోన్లు కలవలేదు. రెండు రోజుల పాటు మా ప్రాంతం గురించి నాకు తెలిసిందంతా వార్తా వెబ్‌సైట్లలో వచ్చిన చిత్రాల ద్వారానే తెలిసింది. అందులో ఒకదానిలో వేళ్లతో సహా ఒరిగిపోయిన జీడి తోట ఉంది. కింద మాత్రం ‘నేలకూలిన మామిడి చెట్లు’ అని రాశారు. ఎవరో జీడిమామిడిలోని సగం మాటను వదిలేసి ఉంటారు. పది రోజుల తరువాత ఊరు చేరి ఆ చిత్రాన్ని నాయనమ్మకు చూపిస్తే, ఆవిడ చాలాసేపు చూసి, “మన జీడి తోటల్ని మావిడంటారేట్రా? మనూరోళ్లు ఎవులూ నేరా ఆల్లకి సెప్పడానికి?” అని అడిగింది. తోట పోయిన దుఃఖంలో కూడా ఆవిడకు ఆ మాట ఎందుకు గుచ్చుకుందో నాకు అప్పుడు పూర్తిగా అర్థం కాలేదు. నాకు కెమెరా మీద ఇష్టం అంతకుముందే ఉంది. కానీ మా ఊరి గురించి తప్పు రాయనివాడు ఒకడైనా ఉండాలన్న పట్టుదల ఆ రోజు కలిగింది. ఉద్యోగం వదిలి వచ్చాక, రెండేళ్లుగా ఒక పత్రికకు కంట్రిబ్యూటరుగా చిత్రాలు పంపుతున్నాను.

మొదటి ఆదివారం మమ్మల్ని కెమెరాలు తీసుకురావద్దన్నారు. ఉదయం నాలుగున్నరకు కూడలిలో కలిసి, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం తీరానికి వెళ్లాం. చేతిలో ఉన్నది నలభై పేజీల నోటుపుస్తకం, పెన్ను మాత్రమే. తిరిగొచ్చే పడవల దగ్గర, ఒడ్డు నుంచి పెదవల (పెద్ద వల) లాగే బృందం దగ్గర, వేలం పాటకు గంపలతో కూర్చున్న ఆడవాళ్ల దగ్గర నిలబడి, కనిపించిన ప్రతి వస్తువుకూ ప్రతి పనికీ అక్కడివారు వాడే మాటను అడిగి రాసుకోవాలి. ఫోటో తీయడానికి వచ్చి ఫోటో తీయకపోవడం మాలో చాలామందికి చిరాకు కలిగించింది. తూర్పున వెలుగు పరుచుకుంటుంటే చేతులు ఊరుకోలేదు. అయితే కవ్వళ్లు, కానాగంతలు అనే రెండు రకాల చేపల గంపలు పక్కపక్కనే ఉన్నా ధర ఎందుకు వేరో, పడవ ఒడ్డుకు తగిలే ముందే ఒక స్త్రీ లేచి నిలబడిందంటే అది ఆమె ఇంటి పడవని ఎలా పోల్చుకోవచ్చో, వల లాగేవారి వరుసలో వృద్ధులు ఎందుకు చివర ఉంటారో ఆ రెండు గంటల్లో తెలిసింది. రెండో ఆదివారం అదే తీరానికి కెమెరాలతో వెళ్లినప్పుడు, పడవ రాకముందే ఎక్కడ నిలబడాలో మాకు తెలుసు. నా చిత్రంలో సముద్రం చాలా చిన్నగా కనిపిస్తుంది. ఇసుకలో కూరుకుపోయిన మడమలతో నిలబడి, చీర కొంగు నడుముకు బిగిస్తూ, పడవలోని వ్యక్తి ముఖం కోసం వెతుకుతున్న ఒక తల్లి ఉంటుంది. మొదటి వారం నోటుపుస్తకం లేకపోతే నేను సూర్యోదయాన్ని తీసుకుని ఇంటికి వచ్చేసేవాణ్ణి.

ఆ తీరంలో మాస్టారు మాకు ఒక విషయం గుర్తు చేశారు. చేపల వేటకు గుజరాత్ వెళ్లి, 2018 చివర్లో పాకిస్తాన్ చేతికి చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి వచ్చినప్పుడు, దేశమంతా చూసిన చిత్రం సరిహద్దు గేటు దగ్గరిది. ఆ ఏడాదికి పైగా కాలం ఇక్కడి ఊళ్లలో వారి భార్యలు ఎలా గడిపారన్నది మాత్రం సరిహద్దుకు వెళ్లినవారికి కనిపించేది కాదు. అది తీయవలసింది పక్క ఊరివాడే. ఈ శిక్షణ మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. సొంత గడ్డ మీద ప్రేమ అంటే మనం సాధారణంగా కొండలు, కొబ్బరి చెట్లు, గుడి గోపురాలు అందంగా తీసి చూపించడం అనుకుంటాం. మాస్టారు దానిని తప్పు అనరు గానీ, అది పర్యాటక శాఖ క్యాలెండరు పని అంటారు. తన ఊరిని ప్రేమించేవాడికి ఆ ఊరి కష్టం మీద కూడా హక్కు ఉంటుందని, ఆ హక్కుతో పాటు బాధ్యత వస్తుందని ఆయన నమ్మకం.

మూడో ఆదివారం గదిలోనే గడిచింది. గోడ మీద తెల్లగుడ్డ కట్టి పాత చిత్రాలు చూపించారు. కలకత్తాలో పెరిగిన సునీల్ జానా 1943 నాటి బెంగాల్ కరవును తీసిన చిత్రాలు, మన దేశపు తొలి మహిళా ఫోటో జర్నలిస్టుగా పేరుపొంది 2011లో పద్మవిభూషణ్ అందుకున్న హోమాయ్ వ్యారవాలా చిత్రాలు, 1984లో భోపాల్ విషవాయు దుర్ఘటన తరువాత రఘు రాయ్ తీసిన పసిబిడ్డ ఖననం చిత్రం ఇందులో ఉన్నాయి. జానా చిత్రాల దగ్గర ఎక్కువ సేపు ఆగాం. ఆకలితో ఉన్న మనిషిని తీస్తూ కూడా అతని గౌరవం పోకుండా చూడటం ఎలా సాధ్యమైందని మాస్టారు అడిగితే మేము వెలుగు, కోణం అంటూ ఏవేవో చెప్పాం. కెమెరా ఎత్తు చూడమన్నారు. నిలబడి కిందికి వంచి తీసినదానికీ, ఎదుటివారి కంటి ఎత్తుకు దిగి తీసినదానికీ తేడా అప్పుడు కనిపించింది. ఈ భాగం ఇంకొంచెం విస్తారంగా ఉంటే బాగుండేది. తెలుగు పత్రికల ఫోటోగ్రాఫర్ల పని గురించి విడిగా ఒక పూట కేటాయించవలసింది, అది జరగలేదు.

నాలుగో వారం పొందూరు వెళ్లాం. ఖద్దరు గురించి పొందూరు పేరు వినని తెలుగువారు ఉండరు గానీ, దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారన్నది కళ్లారా చూసినవారు తక్కువ. ఒక ఇంటి వసారాలో అరవై ఏళ్లు దాటిన ఒక అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, వేలెడు ఎముకకు ఉన్న సన్నటి పళ్ల మీద పత్తిని ఒత్తి లాగుతూ ఉంటే, గింజకు అంటిన నూగు ఒక్కో పోగుగా విడిపోతోంది. నేను ఆమె ముఖాన్ని, ముడతలను, వాకిలి నుంచి పడే వెలుగును కలిపి ఇరవై చిత్రాలు తీశాను. సాయంత్రం తెర మీద చూపినప్పుడు మాస్టారు, “ముఖం బావుంది బాబూ. ఈమె ఏం పని చేస్తున్నారో నాకు కనబడటం లేదు” అన్నారు. నిజమే. నా చిత్రంలో ఆమె ఏ ఊరి ముసలమ్మ అయినా కావచ్చు. మరుసటి వారం సొంత ఖర్చుతో మళ్లీ వెళ్లి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉన్న ఆ దవడను, దాని పళ్లకు వేలాడుతున్న నూగును దగ్గరగా తీశాను. అన్నేళ్లుగా పట్టుకున్న చోట ఎముక పసుపుపచ్చగా నునుపెక్కి ఉంది. ఆ అమ్మ తన పనిని ఆపకుండానే, “ఈ ఎముక మా అత్తది. ఆవిడ పోయినాక నాకొచ్చింది” అంది. ఆ వాక్యం లేకుండా ఆ చిత్రానికి వ్యాఖ్య (క్యాప్షన్) రాయలేమని నాకు అప్పటికి అర్థమైంది.

సాంకేతిక పాఠాల గురించి క్లుప్తంగా చెబుతాను. చీకటి విడవని తీరంలో ఐఎస్‌ఓను (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని) 3200 వరకు భయపడకుండా పెంచమనడం, ఎగిరే పక్షులకు సెకనులో వెయ్యో వంతు కన్నా నెమ్మదిగా షట్టరు పెట్టవద్దనడం, ఒకే పనికి దూరం నుంచి, మధ్య నుంచి, దగ్గర నుంచి మూడు చిత్రాలు తప్పనిసరిగా తీయించడం వంటివి బాగా నేర్పారు. కెమెరాను మొదటిసారి పట్టుకునేవారికి మాత్రం ఈ వేగం ఇబ్బంది. మాలో ఇద్దరు అపర్చరు (లెన్సు ఎంత తెరుచుకుంటుందన్న కొలత) అంటే ఏమిటో పక్కవారిని అడిగి నేర్చుకోవలసి వచ్చింది. ప్రాథమిక విషయాలు ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

వ్యాఖ్య రాయడం మీద పెట్టిన శ్రద్ధ మాత్రం నేను మరెక్కడా చూడలేదు. టెక్కలి మండలం తేలినీలాపురానికి వెళ్లినప్పుడు చింత చెట్ల మీద గూళ్లు కట్టుకున్న గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను అందరం తీశాం. పన్నెండు మందిలో తొమ్మిది మంది ‘సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు’ అని రాశాం, ఎందుకంటే ప్రతి ఏడాదీ మనం అలాగే చదువుతూ వచ్చాం. ఆ రెండు జాతులూ భారత ఉపఖండంలోనూ ఆగ్నేయాసియాలోనూ ఉండేవేనని, వాటికి సైబీరియాతో సంబంధం లేదని మాస్టారు పక్షుల పుస్తకం తెరిచి చూపించారు. దూరం నుంచి వచ్చాయంటేనే వాటికి గౌరవమా, మన చెరువుల్లో చేపలు తిని మన చింత కొమ్మల మీద పిల్లల్ని పెంచుకునే పక్షులంటే మనకు ఆనవా అని అడిగారు. ఇళ్ల నడుమ పెరళ్లలో గూళ్లు కట్టుకున్నా ఊరివారు వాటి జోలికి పోకపోవడమే అసలు వార్త అని ఆయన అభిప్రాయం. మామిడి, జీడి మాట నేను అప్పుడే ఆయనకు చెప్పాను. ఆయన నవ్వలేదు, “మీ నాయనమ్మ మంచి డెస్కు ఎడిటరు” అన్నారు.

విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం దసరా తరువాత వచ్చే మంగళవారం కాబట్టి, ఆదివారాలకు అదనంగా ఆ రోజు కూడా పని ఇచ్చారు. మూడు లాంతర్ల దగ్గరి గుడి నుంచి కోట వరకు సిరిమాను, అంటే చింత చెట్టుతో చేసిన పొడవైన మాను, మూడుసార్లు తిరుగుతుంది. ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, జాలరి వల సాగుతాయి. అందరూ మాను చివర ఆకాశంలో కూర్చున్న పూజారినే తీస్తారు, మేమూ తీశాం. గజపతినగరం వైపు నుంచి వచ్చే మా తోటి విద్యార్థిని ఒకామె మాత్రం ఉత్సవం ముగిశాక, ఆ ఏడాది సిరిమాను కోసం అమ్మవారు పూజారికి కలలో చూపిందని చెప్పుకునే చింత చెట్టు ఉండిన పొలానికి వెళ్లింది. చెట్టు నిలిచిన చోటు ఇప్పుడు ఖాళీగా ఉంది; ఆ ఖాళీ చుట్టూ పసుపు కుంకుమలు, ఒక అరటిపండు తొక్క, పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడిన రైతు. మా విడతలో అన్నిటికంటే మంచి చిత్రం అదేనని నా నిశ్చితాభిప్రాయం.

ఆరో ఆదివారం ఉద్దానం. నాకు అది సొంత ప్రాంతం, అందుకే మిగతావారి కంటే నాకే ఎక్కువ కష్టమైంది. కారణం ఇదీ అని ఇప్పటికీ తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఎన్నో ఇళ్లను కుంగదీసిన నేల అది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాక చికిత్స కోసం విశాఖ వరకు పరుగెత్తవలసిన అవసరం తగ్గింది గానీ, ఇంట్లో మనిషి డయాలసిస్ మీద ఉంటే ఆ ఇల్లు ఎలా నడుస్తుందన్నది మారలేదు. మాస్టారు మాకు రెండు షరతులు పెట్టారు. మొదటి గంటలో కెమెరా సంచిలోంచి బయటకు రాకూడదు. ఇంటివారు వద్దంటే ఎందుకని అడగకూడదు.

నేను వెళ్లిన ఇల్లు మాకు దూరపు చుట్టాలది. నలభై ఏళ్ల మనిషి అరుగు మీద పడుకుని ఉన్నాడు. చేతి మీద ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు) ఉబ్బు కనిపిస్తోంది. వరసకు నేను అతణ్ణి బావా అని పిలుస్తాను. అతను ఫోటోకు ఒప్పుకున్నాడు. అతని తల్లి ఒప్పుకోలేదు. “మీ కెమెరాలు సానా వొచ్చినాయి బాబూ. ఆ ఫొటోలు సూసి మా పిల్లకి సమ్మందం తప్పిపోనాది” అంది. నేను బావ అనుమతి ఉంది కదా అని లోలోపల వాదించుకుంటూనే కెమెరాను సంచిలో పెట్టేశాను. వెళ్లేముందు ఆవిడే పిలిచి, వంటింటి గడప పక్కన వరుసగా పెట్టిన మూడు బిందెలు చూపించి, ఒకటి వాడికి, ఒకటి మాకు, ఒకటి వచ్చేవాళ్లకని చెప్పింది. రోగికి రోజుకు ఇన్ని నీళ్లే తాగాలని వైద్యులు కొలత చెప్పారు కాబట్టి అతని బిందె మీద చిన్న గ్లాసు బోర్లించి ఉంది. ఆ బిందెలను ఫోటో తీసుకోమంది, తీశాను. మనిషి ముఖం లేని ఆ చిత్రాన్ని, ఊరి పేరు లేకుండా, ఆవిడకు చూపించి ఒప్పించుకున్న తరువాతనే తరగతిలో పెట్టాను. ఈ ప్రాంతం మీద ప్రేమ ఉందని చెప్పుకునే నేను, ఆ పిల్ల సంబంధం గురించి అంతవరకు ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

ఆ తరువాతి వారం నియమాల పాఠం ఉద్దానం అనుభవం మీదే నడవడం వల్ల బాగా ఎక్కింది. లైంగిక నేరాల నుంచి బాలలను రక్షించే పోక్సో చట్టం 23వ సెక్షను ప్రకారం బాధిత బాలల గుర్తింపు తెలిసేలా ఏదీ ప్రచురించకూడదని, చిత్రంలోని వస్తువును తీసివేయడం గానీ చేర్చడం గానీ వార్తాచిత్రంలో చెల్లదని, 2015 వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో చివరి దశకు ముందు వరకు వచ్చిన చిత్రాల్లో దాదాపు ఐదో వంతు ఇటువంటి మార్పుల వల్లనే పక్కన పెట్టారని వివరించారు. మొబైలులో ఒక్క వేలితో స్తంభాన్ని చెరిపేయగలిగిన ఈ కాలంలో ఈ పాఠానికి రెండు వారాలు కేటాయించినా ఎక్కువ కాదు.

చివరి ఆదివారం మాస్టారు తన చిత్రాలు ఏడు చూపించారు. సోంపేట వైపు ఒక కొబ్బరి తోట. అదే గట్టు, అదే లెన్సు, 2018 నుంచి 2024 వరకు ప్రతి అక్టోబరులో ఒకటి. మొదటిదానిలో చెట్లన్నీ ఒకే దిక్కుకు పడి ఉన్నాయి. రెండోదానిలో నేల ఖాళీ. మూడోదానిలో మోకాలెత్తు మొక్కలు, వాటి మధ్య అంతరపంటగా ఏదో కూరగాయ. అయిదోదానిలో రైతు లేడు, అతని భార్య ఉంది. కొడుకు వలస వెళ్లాడట. ఏడోదానిలో ఒక చెట్టుకు తొలి గెల. కొబ్బరి కాపుకు రావడానికి ఏళ్లు పడుతుందని మాకందరికీ తెలుసు, కానీ ఏళ్లంటే ఎంతో ఆ గోడ మీద చూసినప్పుడు తెలిసింది. మొదటి చిత్రం మాత్రమే పత్రికలో వచ్చింది. మిగతా ఆరింటినీ ఎవరూ అడగలేదు, ఎవరూ డబ్బివ్వలేదు, అయినా ఆయన వెళ్తూనే ఉన్నారు.

ఇక లోపాలు. డబ్బు మాట ఇక్కడ దాదాపు రాదు, ఇదే పెద్ద లోపం. జిల్లా స్థాయిలో కంట్రిబ్యూటరుకు చిత్రానికి వచ్చే పారితోషికం పెట్రోలుకు సరిపోని రోజులు ఎక్కువ. నేను తీసిన ఒక వరద చిత్రాన్ని ఒక పత్రిక నా పేరు లేకుండా వేసుకుంటే, ఎవరిని ఎలా అడగాలో నాకు తెలియలేదు. హక్కుల గురించి, ఒప్పందాల గురించి, చిత్రాలను ఎక్కడ ఎలా అమ్ముకోవచ్చన్న దాని గురించి ఒక పూర్తి పూట తప్పనిసరిగా ఉండాలి. పెళ్లిళ్ల ఫోటోలు తీసుకుంటూ వారానికి ఒక రోజు వార్తలకు కేటాయించమన్న సలహా నిజాయితీ గలదే, నేనూ అదే చేస్తున్నాను. కానీ ఇష్టం ఒక్కటే ఇల్లు నడపదని ఇరవై ఏళ్ల పిల్లలకు ముందే స్పష్టంగా చెప్పాలి. వీడియో అసలు నేర్పరు. ఇప్పుడు ఏ పత్రికైనా చిత్రంతో పాటు అర నిమిషం వీడియో అడుగుతోంది కాబట్టి, ఇది చిన్న విషయం కాదు.

వసతులు సాధారణం. మేడ మీద గది మధ్యాహ్నం వేడెక్కుతుంది, కంప్యూటర్లు రెండే ఉండటంతో చిత్రాలు ఎంపిక చేసుకునేటప్పుడు వరుసలో నిలబడాలి. తెల్లవారుజామున బయలుదేరవలసిన రోజుల్లో పాలకొండ, గజపతినగరం వంటి చోట్ల నుంచి వచ్చే అమ్మాయిలకు ముందు రోజు రాత్రి బస ఎక్కడన్న ప్రశ్న ఉంది. మా విడతలో మాస్టారి భార్య తమ ఇంట్లోనే ఇద్దరికి చోటిచ్చారు, అన్నం పెట్టారు. అది ఆ ఇంటి మంచితనం. ఏర్పాటుగా మారితే తప్ప, మూడో అమ్మాయి వస్తే చోటు ఉండదు. ధ్రువపత్రం ఇవ్వరు, ఉద్యోగం ఇప్పిస్తామన్న మాట ఎవరూ చెప్పరు.

ఇంటర్నెట్లో ఇంతకంటే తక్కువ ఖర్చుతో కెమెరా పాఠాలు దొరుకుతాయి, అవి కొన్ని విషయాల్లో ఇంతకంటే శుభ్రంగా ఉంటాయి కూడా. కెమెరా నేర్చుకోవడమే మీ ఉద్దేశమైతే ఇంత దూరం రానక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల్లో పుట్టి, ఇక్కడే ఉండి, ఇక్కడి మనుషుల గురించి పని చేయాలనుకునేవారికి మాత్రం నేను గట్టిగా చెబుతాను, చేరండి. రూ.3,500 రుసుముకు తోడు, ప్రయాణాలకు మరో నాలుగు వేల వరకు అవుతుంది. అది ముందే సిద్ధం చేసుకోవాలి.

తదుపరి విడత సంక్రాంతి తరువాత మొదలవుతుంది, పేరు ఇవ్వడానికి ఆదివారం సాయంత్రాలు నేరుగా స్టూడియోకు వెళ్లాలి. ఆ విడతలో నేను విద్యార్థిగా కాక, కళింగపట్నం వెళ్లే మొదటి ఆదివారం కొత్తవారి నోటుపుస్తకాలు చూసే పనికి ఒప్పుకున్నాను. నలభై పేజీల పుస్తకం చాలదు, వంద పేజీలది తెచ్చుకోండి.